కడిగినా పోనిది

ఆ పొద్దున ఆకాశం గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి ఉరిమి ఊరుకుంది. పడమటి నుంచి వచ్చిన మబ్బు గుట్ట నెత్తిన కూర్చుని, కురవకా కదలకా, పిలవని చుట్టంలా బిక్కమొహం వేసుకుని ఉంది. మేస్త్రి రేకుల షెడ్డు బయట నిలబడి చాలాసేపు దాన్నే చూశాడు. వాన పడితే మట్టిదారి జారుతుంది. దారి జారితే పెట్టుబడి పెట్టేవాళ్ళ బండి గుట్ట ఎక్కదు. ఇవాళ ఎక్కకపోతే ఇంకోనాడు ఎక్కుతుంది. ఎప్పుడెక్కినా ఈ గుట్టలో రాతి కోసం వెయ్యాల్సిన రెండో రంధ్రం ఉండటమూ ఊడటమూ వాళ్ళ నోటిమాట మీదే ఉంది.

"ఏమంటోంది మేస్త్రీ, మబ్బు?" అన్నాడు రేడియో, నోట్లో బ్రష్షుతోనే.

"ఏమీ అనటం లేదు."

"ఇంకేం, నీకు సరైన జోడీ దొరికింది."

రేడియో డ్రిల్లు మిషను దగ్గర మేస్త్రికి చేతికింద మనిషి. నలభై దాటినవాడు. నిద్రపోయేటప్పుడు తప్ప నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. నిద్రలోనూ మూతపడదని పక్కమంచం వాడి ఫిర్యాదు.

మేస్త్రి బతుకంతా నీళ్ళ బోర్లు వేశాడు. ఆ పనిలో రాయి అంటే అడ్డం. పిండి చేసి, గాలితో పైకి ఊది, పక్కన పోగు పోసేదే తప్ప దాని మొహం చూసినవాడు లేడు. ఇక్కడ లెక్క తలకిందులు. నీళ్ళు బిట్టును చల్లబరచడానికే, కావలసింది రాయి. వజ్రపు పళ్ళున్న బోలు బిట్టు రాతిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. నడుమ మిగిలిన రాతికడ్డీ గొట్టంలోకి ఎక్కుతుంది. దాన్ని పైకి లాగి, వరస తప్పకుండా, తలా తోకా మారకుండా పొడుగాటి చెక్కపెట్టెల్లో పేర్చాలి. మొదటి కడ్డీ బయటికొచ్చిన రోజు మేస్త్రి దాన్ని పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. రేడియో పడీపడీ నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. నీళ్ళ కోసం అన్ని ఊళ్ళ కడుపులు తొలిచాడు గానీ, ఆ కడుపులో ఏముందో చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

ఆయన్ని ఈ పనికి పిలిచింది ఆయన కూతురు. ఆ గుట్టకు జియాలజిస్టు ఆమే. అంతకుముందు ఒక పెద్ద కంపెనీ వచ్చి, రోడ్డు పక్కన రెండు మూడు రంధ్రాలు వేసి, ఏమీ లేదని చేతులు దులుపుకుని పోయింది. "వాళ్ళు లారీ ఎక్కినచోట తవ్వారు గానీ రాయి ఉన్నచోట తవ్వలేదు" అనేది ఆమె. ఒక వేసవంతా ఆ గుట్టమీద కాలినడకన తిరిగింది. శిఖరం పొడుగునా తుప్పురంగు రాతిపొర, నెత్తిన టోపీ పెట్టినట్టు. కింద వాగులో కొన్ని రాళ్ళకు పచ్చటి మరక. ఆ టోపీ కింద రాగీ, జింకూ, సీసమూ ఉండవచ్చని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ "ఉండకపోవచ్చు కూడా" అని కలిపేది. మేస్త్రికి ఆ రెండో ముక్కే బాగా నచ్చేది.

ఒక చిన్న కంపెనీ ఆమె మాట నమ్మి ఆ నేల తీసుకుంది. మొదటి డ్రిల్లింగు ముఠా గుట్ట వాలు చూసి సగంలో బండి సర్దేసింది. అప్పుడు ఆమె తండ్రిని పిలిచింది. బయల్దేరేటప్పుడు భార్య సంచీ చేతికిచ్చి, "కూతురి కింద పనికి పోతున్నావు. నోరు అదుపులో పెట్టుకో" అంది. "నాకు నోరెక్కడుందే?" అన్నాడు. "అదే చెప్తున్నా, అప్పుడప్పుడూ తెరువు" అంది.

వచ్చిన మొదటిరోజే మేస్త్రి ఒక కట్టడి పెట్టాడు. పనిలో ఉన్నంతసేపూ ఆమె మేడమ్, తాను మేస్త్రి. నాన్నా అమ్మాయీ అంటే జనం ఇద్దరి పనీ చులకన చేస్తారు. ఆయన నాలుకకు మేడమ్ అలవాటైంది. ఆమె నాలుకకు మేస్త్రి మాత్రం పట్టుబడలేదు. "ఇదిగో, వినండీ" అని పిలిచేది. "మా ఆవిడా నన్నిట్లాగే పిలుస్తుంది మేడమ్, అప్పడిగే ముందు" అనేవాడు రేడియో.

ముందురోజు సాయంత్రం ల్యాబ్ నుంచి ఫలితాలు వచ్చాయి. మొదటి రంధ్రం నడిమి నుంచి అడుగు దాకా రాగీ జింకూ ఉన్నాయని. లావుపాటి పొర! కంపెనీ ఛైర్మన్ ఫోన్లో అరిచిన అరుపు వంటగుడారం దాకా వినిపించింది. వంటక్క గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చింది. రేడియో గంతులు వేశాడు. మేస్త్రి మిషను దగ్గరికి పోయి, దాని దూలం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. కూతురి మొహం చూద్దామని వెనక్కి తిరిగితే ఆమె అక్కడ లేదు. రాతిపెట్టెల షెడ్డులోకి వెళ్ళిపోయింది.

పొద్దున్నే కబురొచ్చింది, మేడమ్ షెడ్డుకు రమ్మంటున్నారని.

ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. ఆయన వచ్చినా తలెత్తలేదు. చిన్నప్పుడూ అంతే, లెక్క కుదరకపోతే తలెత్తేది కాదు.

"తలుపు వేసి రండి."

ఆ షెడ్డుకు తలుపు లేదు. గోనెపట్టా ఉంది. మేస్త్రి దాన్ని దించాడు.

"రాడ్లన్నీ పైకి లాగి బిట్టు మార్చింది ఎక్కడెక్కడో చూపిస్తారా?"

మేస్త్రి పెట్టెల వెంట నడిచాడు. కడ్డీలన్నీ సగానికి నిలువునా కోసి ఉన్నాయి, ఒక సగం ల్యాబ్‌కు పోయింది, రెండో సగం పెట్టెలో ఉంది. ఆయనకు లోతు గుర్తులున్న చెక్కముక్కల అవసరం లేకపోయింది. ఇదిగో ఇక్కడ రాయి మొండికేసింది, పళ్ళరిగాయి. ఇక్కడ పగుళ్ళు, నీళ్ళన్నీ పోయాయి. ఇక్కడ ఊరికే, చేతికి తేడా తెలిసి మార్చాడు. ఆయన వేలు పెట్టినచోటల్లా ఆమె ఒక ఎర్రగుడ్డ పీలిక పెట్టుకుంటూ వచ్చింది. తరవాత లాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది.

తెరమీద నిలువుగీతలు. కొండలూ లోయలూ లాగా.

"ఇది రాగి. ఇక్కడ ఎత్తుగా లేచింది చూడండి. తరవాత మెల్లగా తగ్గింది. మళ్ళీ లేచింది. మళ్ళీ తగ్గింది." ఒక్కో శిఖరం మీదా వేలు పెడుతూ, అదే వేలితో ఒక్కో ఎర్ర పీలికను చూపించింది. ఒక్కటీ తప్పిపోలేదు.

మేస్త్రి ఆ పీలికలను మళ్ళీ మొదటి నుంచీ చూసుకుంటూ వచ్చాడు.

"మనం బిట్టు మార్చిన సంగతి రాయికి తెలీదు కదా నాన్నా."

కట్టడి పెట్టాక ఆ షెడ్డులో ఆమె ఆ మాట వాడటం అదే మొదలు. గొంతు తగ్గించి అడిగింది.

"రాడ్ల మరలకి ఏ గ్రీజు రాశావు?"

రాడ్లంటే బిట్టును కిందికి మోసే ఇనుపగొట్టాలు, ఒకదానికొకటి మరలతో బిగుస్తాయి. బిగించే ముందు మరకు గ్రీజు పూయకపోతే, ఒకదానికొకటి పట్టేసి మళ్ళీ ఊడిరావు. రాడ్లు ఊడకపోతే రంధ్రమూ పోతుంది, రాడ్లూ పోతాయి. కంపెనీ ఇచ్చిన గ్రీజు తెల్లగా, పల్చగా, పెరుగు మీది తేటలా ఉంది. మొదటి వారంలోనే ఒక మర పట్టేసింది. అప్పుడు మేస్త్రి తన సంచిలోంచి పాత డబ్బా తీశాడు. ఆయన బోర్లు వేసినన్నాళ్ళూ వాడిన గ్రీజు అది. బంగారంలా మెరుస్తుంది, జిగురుగా పట్టుకుంటుంది. దానితో ఆయన చేతికింద ఒక్క మర కూడా ఇరుక్కోలేదు. ఇచ్చిన గ్రీజే వాడాలని ఆమె మొదట్లో చెప్పింది. పిసినారి కంపెనీ చాదస్తం అనుకున్నాడు. గ్రీజు గ్రీజే కదా అనుకున్నాడు. కూతురి రంధ్రం చెడిపోకూడదనీ అనుకున్నాడు.

బయటికెళ్ళి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె పిస్తోలులాంటి చిన్న మిషను తీసింది. రాయికి ఆనించి మీట నొక్కితే అందులో ఏ లోహం ఎంతుందో సుమారుగా చెబుతుంది. దాన్ని డబ్బా మూతి మీద ఆనించి నొక్కింది. తెరమీద రాగి అంకె గబగబా పైకి పాకింది. దాని వెనకే జింకు.

గోనెపట్టా వెనకనుంచి రేడియో తల లోపలికొచ్చింది. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఏమో!

"మేడమ్, ఇంక గుట్టతో ఏం పని? ఈ డబ్బానే తవ్వుకుందాం."

ఎవరూ నవ్వలేదు. వాడి తల వచ్చిన దారినే వెనక్కి పోయింది.

ఆమె నెమ్మదిగా చెప్పింది. బిట్టు మార్చి రాడ్లన్నీ మళ్ళీ దించినప్పుడల్లా ప్రతి మరకూ కొత్త గ్రీజు. ఎక్కువైంది ఊడి, నీళ్ళతోపాటు కిందికి దిగి, పగిలిన రాతిసందుల్లో దూరింది. ల్యాబ్‌వాళ్ళు రాతితోపాటు దాన్నీ దంచి కొలిచారు. రాగి నిజమే. గుట్టది మాత్రం కాదు.

"అంతా అదేనా?" అన్నాడు. డబ్బా తనవైపు లాక్కున్నాడు.

"లేదు." ఆమె లేచి ఆఖరి వరసలో ఒక పెట్టె దగ్గర కూర్చుంది. అక్కడ రాయి కంటికే తేడాగా ఉంది. బూడిదరంగు రాతిలో పసుప్పచ్చటి తీగలు, పక్కన తేనెరంగు గింజలు. "ఇది గుట్టదే. కానీ సన్నగా ఉంది. మొత్తం చూస్తే జానెడు గుమ్మానికి బారెడు తోరణం కట్టినట్టుంది."

బయట మబ్బు ఇంకా అలాగే ఉంది. మేస్త్రి డబ్బా మూత బిగించాడు. బిగించినదాన్నే మళ్ళీ బిగించాడు.

"వాళ్ళు వచ్చి పోనీ తల్లీ. తరవాత నెమ్మదిగా చెప్పొచ్చు కదా. రెండో రంధ్రం వేస్తే అందులో ఎలాగూ తేలుతుంది. ఈ డబ్బా తెచ్చినవాణ్ణి నేను. పోయేవాణ్ణి నేను పోతాను."

"నువ్వు పోతే రాడ్లు ఎవరు దించుతారు?"

"దొరకరా ఏంటి?"

ఆమె అప్పుడు మొహమెత్తి చూసింది.

"చిన్నప్పుడు సెలవుల్లో నన్ను బోరు లారీలో ఎక్కించుకుపోయేవాడివి, గుర్తుందా? బోరు వేయించుకుంటున్న ఒకాయన నీ కాళ్ళు పట్టుకోబోయాడు, ఇంకొంచెం దించు, తడి తగులుతుందేమో అని. పక్క లారీవాళ్ళయితే అడుగుకింతని వచ్చే డబ్బు కోసం దించేవాళ్ళే. నువ్వేమన్నావు?"

మేస్త్రికి గుర్తుంది. చూపు డబ్బా మీదే ఉంచాడు.

"'ఇక్కడ నీళ్ళు లేవు బాబూ' అన్నావు. అంతే. ఇంకో మాట కూడా అనలేదు. తిరిగొచ్చే దారంతా నేను ఏడుస్తూ వచ్చాను, నువ్వు చెడ్డవాడివని." కళ్ళు తుడుచుకోలేదు, వాటిలో ఏమీ లేదు. "ఎండు బోరు దగ్గర ఎప్పుడైనా తడి ఉందని చెప్పావా నాన్నా?"

ఆయన గోనెపట్టా పైకెత్తి బయటికొచ్చాడు. తప్పు చేసినవాడికి ఉండవలసిన బరువు మనసులో ఉంది. దాని పక్కనే, దానికి ఏమాత్రం సంబంధం లేనట్టు, ఇంకోటేదో లేచి నిలబడుతోంది. దాన్ని ఏమనాలో ఆయనకు తోచలేదు. చేతులకు కిరసనాయిలు రాసి, సబ్బు పెట్టి, ఎర్రబడేదాకా తోముకున్నాడు. గోళ్ళ సందుల్లో మెరుపు మాత్రం పోలేదు.

బండి ఎక్కనే ఎక్కింది. అందులోంచి ఛైర్మన్, ఆయన వెనక ఇద్దరు దిగారు. ఒకరు పొడుగాటి మనిషి, ఫోను చేతికి అంటుకుపోయినవాడు. ఇంకొకరు మందపాటి కళ్ళద్దాల పెద్దావిడ, కాన్వాస్ బూట్లు వేసుకుంది. ఇద్దరివీ పెట్టుబడి డబ్బులు. వాళ్ళు దారిలో ఉండగానే కూతురు ఫోను చేసి ఛైర్మన్‌కు సంగతి చెప్పినట్టుంది. ఆయన మొహం ఉడకబెట్టిన వంకాయలా ఉంది. దిగగానే ఆమెను మిషను చాటుకు పిలిచాడు. మేస్త్రి అక్కడే రాడ్లు తుడుస్తున్నాడని చూసుకోలేదు.

"ఇవాళ వద్దమ్మా. ల్యాబ్ ఇచ్చిన అంకెలు, మనం కల్పించినవి కావుగా?"

"కల్పించలేదు సార్. పూశాం."

"నువ్వు అంత పట్టుదలకి పోతే ఈ గుట్ట చేజారిపోతుంది. ఎవరు వెతికి పెట్టారు దీన్ని? నువ్వే కదా! నీ కష్టం నువ్వే మంట్లో వేసుకుంటావా?"

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నేను వెతికింది గుట్టలో ఉన్నదాన్ని సార్. మన డబ్బాలో ఉన్నదాన్ని కాదు" అని షెడ్డువైపు నడిచింది.

ఛైర్మన్ నుదురు తుడుచుకుంటూ వెనకాల వెళ్ళాడు.

షెడ్డులో పెట్టెలన్నీ బల్లల మీద పరిచి ఉన్నాయి. రేడియో, వంటక్క గుమ్మం దగ్గర నిలబడ్డారు. మేస్త్రి మూలనున్న నీళ్ళడ్రమ్ము పక్కన నిలబడ్డాడు. కూతురు మొదట గుట్ట సంగతి చెప్పింది, తుప్పు టోపీ, వాగులో పచ్చమరక, పాత కంపెనీ తవ్వినచోటు. మాట తడబడలేదు. పొడుగాయన ఫోను జేబులో పెట్టాడు. తరవాత ఆమె ఒక పాత దుప్పటి తీసి, నడిమి వరస పెట్టెలన్నిటి మీదా పరిచింది.

"ఫలితాల్లో లావుపాటి పొర చూసి ఉంటారు. దయచేసి ఈ పెట్టెలు లేవనుకోండి. ఇందులో ఉన్న రాగి మేం రాడ్లకు రాసిన గ్రీజుది."

షెడ్డు రేకు మీద ఏదో పక్షి నడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఎర్ర పీలికలు, తెరమీది గీతలు, డబ్బా, అన్నీ వరసగా చూపించింది. ఈ రాతినంతా కడిగి మళ్ళీ పంపిస్తామనీ, చాలావరకు ఖాళీగానే వస్తుందని తన అంచనా అనీ చెప్పింది.

"అంటే ఇంత దూరం మేం గ్రీజు చూడ్డానికి వచ్చామా?" అన్నాడు పొడుగాయన.

"గ్రీజూ చూడ్డానికి" అన్నాడు రేడియో గొణిగినట్టు. వంటక్క వాణ్ణి మోచేత్తో పొడిచింది.

కళ్ళద్దాలావిడ అడిగింది. "ఎవరిది ఈ పొరపాటు?"

"నాది. ఏ గ్రీజు వాడుతున్నారో రోజూ చూడవలసింది నేను. చూడలేదు."

మేస్త్రికి ఆ మాట తగలరానిచోట తగిలింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు, నిజమూ కాదు. చిన్నప్పుడు వీధి పిల్లల్లో ఎవడు కుండ పగలగొట్టినా నేనే అని ముందుకొచ్చేది. అప్పుడు ముద్దొచ్చేది. ఇప్పుడు రాలేదు. ఆయన డ్రమ్ము పక్కనుంచి రెండడుగులు ముందుకేశాడు.

"అమ్మా, ఆవిడ ఇదే వాడమని వేరే గ్రీజు ఇచ్చింది. వద్దన్నది వాడింది నేను. డ్రిల్లు మేస్త్రిని."

అందరూ ఆయనవైపు తిరిగారు. ఛైర్మన్ కళ్ళతోనే వారిస్తున్నాడు. ఇంత జనం ముందు ఇన్ని మాటలు మాట్లాడటం ఆయన ఎరగడు. ఐనా నోరు తెరిచాక సగంలో మూయడం కుదరలేదు.

"ఆ గ్రీజు పూసిన చెయ్యి నాదే. ఆ తప్పు పట్టుకున్న పిల్లా నాదే."

కళ్ళద్దాలావిడ ఆయన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూసింది. ముక్కు దగ్గర పోలిక దొరికినట్టుంది.

"మీ అమ్మాయా?"

"ఔనమ్మా."

"మీరు పనిలో ఉండగా మీ తప్పు నలుగురిలో పెట్టింది. కోపం రాలేదా?"

మేస్త్రి ఆలోచించాడు. అడిగినదానికి బదులు చెప్పాలని కాదు, నిజంగానే వెతుక్కున్నాడు.

"నీళ్ళు లేనిచోట ఉన్నాయని చెప్పి ఉంటే వచ్చేదమ్మా."

పెద్దావిడ ఆఖరి పెట్టె దగ్గరికి వెళ్ళింది. పసుప్పచ్చ తీగలున్న సగం కడ్డీని చేతిలోకి తీసుకుంది. అంత బరువుంటుందని అనుకోలేదు. చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"ఇదీ కడిగితే పోతుందా?"

"కడిగి చూడండి" అంది కూతురు.

మేస్త్రి అప్పటికే బకెట్టు ముంచాడు. బట్టలుతికే బ్రష్షు ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్దావిడ చేతులు పైకి మడుచుకుంది. సబ్బు రాసి, ఇంట్లో మాడిన గిన్నె తోమినట్టు, దయాదాక్షిణ్యం లేకుండా తోమింది. నీళ్ళు మురికిగా దిగాయి. తిప్పి తోమింది. పొడుగాయన తన కోటుకు చిందకుండా వెనక్కి జరిగాడు, తరవాత చూడాలనిపించి ముందుకు జరిగాడు. ఆవిడ బకెట్టులో ఒకసారి ముంచి తీసి, షెడ్డు గుమ్మం దాకా నడిచి, వెలుతుర్లో పట్టుకుంది.

ఆ వేళకే మబ్బు గుట్టమీంచి లేచింది. ఎండ పడింది. తీగలు తోమకముందుకన్నా ఎక్కువ మెరిశాయి. తేనెగింజలు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించాయి.

"పోలేదు" అంది ఆవిడ.

"పోదు" అంది కూతురు. "కానీ సన్నగా ఉంది. అవతలి వాలులో లావెక్కుతుందని నా అనుమానం. ఎక్కకపోవచ్చు కూడా."

మేస్త్రి తల దించుకున్నాడు. ఆ రెండో ముక్క వినబడేసరికి నవ్వు వచ్చింది, దాన్ని దాచుకోవడానికి.

పొడుగాయన ఆ కడ్డీని తీసుకుని తానూ ఒకసారి తోమి చూశాడు. తన చేత్తో తోమనిదే నమ్మే మనిషి కాదని తెలుస్తూనే ఉంది. "లావుపాటి పొర అని విని వచ్చాం. ఇది చూసి వెళ్తున్నాం" అన్నాడు. అందులో మెచ్చుకోలుందో నిష్ఠూరముందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇద్దరూ బయటికి వెళ్ళి మిషను చుట్టూ నడుస్తూ మాట్లాడుకున్నారు. ఛైర్మన్ వాళ్ళకు కొంచెం ఎడంగా, ఆసుపత్రి వరండాలో తిరిగినట్టు తిరిగాడు. షెడ్డులో కూతురు దుప్పటి మడత పెడుతోంది. ఒక కొస మేస్త్రి అందుకున్నాడు. కొసలు కలిపి, దులిపి, మడత పెట్టారు, ఇంట్లో ఎండిన దుప్పట్లు మడిచినట్టే.

పెద్దావిడ తిరిగి వచ్చింది.

"అవతలి వాలులో ఒక్క రంధ్రం వెయ్యండి. ఒక్కటే. అందులో ఇంతకన్నా లావు లేకపోతే మాకు ఫోను చేసి లేదని చెప్పండి. మీరు చెప్తారని ఇవాళ తెలిసింది, అందుకే ఒప్పుకుంటున్నాం." ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుంది. "డ్రిల్లు ఎవరు నడుపుతారు?"

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. వేరే ముఠా పేరేదో ఆయన నాలుక చివర ఉంది. కూతురు ఆయనకు సందు ఇవ్వలేదు.

"మా నాన్నే" అంది.

నలుగురి ముందు, పట్టపగలు, గుట్ట నడిబొడ్డున. మేస్త్రి పెట్టిన కట్టడి అంతటితో తెగిపోయింది. తిరిగి పెట్టాలని ఆయనకూ అనిపించలేదు.

"ఏ గ్రీజుతో?" అన్నాడు పొడుగాయన. ఆ పూట ఆయన మొదటిసారి నవ్వాడు.

"తెల్లదానితో" అన్నాడు మేస్త్రి. "మర పట్టేస్తే ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి ఊడదీస్తాను. నా భుజం అరిగితే అరగనీ, రాయికి మాత్రం ఏమీ అంటదు."

"మధ్యాహ్నం దాటిపోయింది, అన్నానికి రండి" అంది వంటక్క గుమ్మంలోంచి. ఇంతసేపూ అక్కడే నిలబడి ఉందిగానీ, ఆ మాటకు పొయ్యి దగ్గరనుంచి వచ్చినట్టు చెమట తుడుచుకుంది.

వంటగుడారంలో చోటు చాలక షెడ్డులోనే, పెట్టెల నడుమ ఒక బల్ల ఖాళీ చేసుకుని కూర్చున్నారు. పెద్దావిడ ఒక కొసన, పొడుగాయన పక్కన ఛైర్మన్, ఎదురుగా రేడియో. మేస్త్రి ఎప్పట్లా కంచం పట్టుకుని బయట రాడ్ల మీద కూర్చోబోయాడు. కూతురు బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. ఆయన వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు.

వంటక్క వడ్డించింది. వేడన్నం మీంచి ఆవిరి లేచి రాళ్ళ మీదికి పోయింది. పెద్దావిడ తోమిన కడ్డీ బల్ల నడుమే ఉండిపోయింది, ఎవరికీ పెట్టెలో పెట్టాలని తోచక. దాని తడి ఇంకా ఆరలేదు. కూతురి చేతులకు గుట్ట తుప్పు అంటుకుని మణికట్టు దాకా ఎర్రగా ఉంది. ఎంత కడిగినా గీతల్లో కొంచెం మిగిలింది. మేస్త్రి తన గోళ్ళు చూసుకున్నాడు, ఆమె చేతులు చూశాడు, ముద్ద కలుపుకున్నాడు. ఆమె ఉప్పు గిన్నె ఆయనవైపు జరిపింది. కూరలో ఆయనకు ఎప్పుడూ ఉప్పు చాలదు.

రేడియో నోరు తెరిచాడు. ఒకసారి అందరి మొహాలూ చూసి, ఆ నోట్లో ముద్ద పెట్టుకున్నాడు.

వంటక్క రెండో విడత అన్నం తెచ్చింది. రోజూ చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టే మేస్త్రి, ఆ పూట కంచం ముందుకు జరిపాడు.